జనగామకు ఒక షామియానా, మధ్యలో పరదా

జనగామ,
17 జనవరి 2010, ఆదివారం.

మామూకు నజియా సలాం.

అమ్మీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ముమానీ బాగుందా? నువ్వు బాగానే ఉండి ఉంటావు. లేకపోతే ఈపాటికి నాలుగు పేజీల ఫిర్యాదు వచ్చేది.

సెలవుల తర్వాత హాస్టల్ మళ్లీ నిండింది. సెల్‌ఫోన్లన్నీ వార్డెన్ మేడం బీరువాలో ఉన్నాయి కాబట్టి ఏం చెప్పాలన్నా ఉత్తరమే. అది కూడా ఆదివారాలే పంచుతుంది. మంగళవారం వచ్చిన ఉత్తరమైనా ఆదివారం దాకా ఆమె డ్రాయర్లో పడి ఉండాల్సిందే. నా రూమ్మేట్ ఉమ తెలుసు కదా, గార్ల దగ్గరి తండా పిల్ల. వాళ్లమ్మ గంగాబాయి కట్టిచ్చిన జొన్నరొట్టెలు వారం రోజులు వస్తాయనుకున్నాం. మా వింగు ఆడపిల్లలంతా కలిసి ఒక్క పూటలో ఊడ్చేశారు.

కాలేజీలో ఈ ఏడు ఫ్రెషర్స్ పార్టీ లేదు, క్రికెట్ టోర్నమెంటు లేదు. అయినా ఇంత సందడి నేను ఎప్పుడూ చూడలేదు. పొద్దున క్లాసులు, ఆ తర్వాత గేటు ముందు శిబిరం. రిలే నిరాహార దీక్ష మొదలై ముప్పై ఆరు రోజులైంది. రోజూ పది మంది అబ్బాయిలు పదింటికి మెడలో దండలు వేసుకుని కూర్చుంటారు, సాయంత్రం ఆరింటికి నిమ్మరసం తాగి లేస్తారు. మర్నాడు ఇంకో పది మంది. అందులో కొందరు తొమ్మిదిన్నరకు మిర్చిబజ్జీలు దట్టించి మరీ వస్తారని క్యాంటీన్ సమ్మయ్య చెప్పాడు, అది వేరే సంగతి.

మరి అమ్మాయిలం ఏం చేస్తామంటావా? గేటు ముందు తెలంగాణ పటం ముగ్గు వేస్తాం. పాటలకు కోరస్ అందుకుంటాం. ఆ ముగ్గు చూడాలి మామూ, జిల్లాకొక రంగు వేశాం. మొన్న మీటింగులో మా స్టూడెంట్ జేఏసీ కన్వీనర్ రాజేందర్, ఫైనలియర్ అతను, లేచి "మా చెల్లెళ్ల సహకారం మరువలేనిది" అన్నాడు. సహకారమట. నాకు ఒళ్లు మండింది.

అమ్మీకి చదివి వినిపించేటప్పుడు ముగ్గు దాకా చదివి ఆపెయ్యి.

నీ నజియా.

మానుకోట (మహబూబాబాద్),
20 జనవరి 2010.

బేటీ నజియాకు మామూ దువా.

నీ ఉత్తరం మీ అమ్మీకి చదివాను. "ముగ్గు దాకా చదివి ఆపెయ్యి" అన్న ముక్క కూడా ఊపులో చదివేశాను. నా నోటికి అడ్డూ అదుపూ లేదని నీకు తెలుసు, అయినా అలాంటివి రాస్తావు. అమ్మీ ముగ్గు దగ్గర నవ్వింది. శిబిరం దగ్గర నవ్వలేదు.

నీకు మళ్లీ చెప్పాల్సిన పని లేదు, అయినా చెప్తాను. మీ అబ్బా పోయినప్పుడు నువ్వు ఆరో తరగతి. ఇంటర్ అయ్యాక నిన్ను జనగామ పంపాలని నేను సొంత అక్క అని కూడా చూడకుండా మూడు నెలలు ఆపాతో పోట్లాడాను. చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. "మీటింగులల్ల, ధర్నాలల్ల దాని పేరు వినబడ్డ దినమే పెట్టె సర్దుకొని ఇంటికి రావాలె" అంది. నేను జిమ్మా నాది, పూచీ నాది అన్నాను. టీవీలో విద్యార్థుల మీద లాఠీలు చూసినప్పుడల్లా ఆపా నావైపు చూస్తుంది, టీవీ వైపు కాదు. కాబట్టి ముగ్గులు ఎన్నయినా వెయ్యి, కోరస్ గొంతు పోయేదాకా పాడు, కూర్చోవడం మాత్రం వద్దు.

ఇక్కడ నా టెంట్ హౌసులో ఒక్క గుంజ మిగల్లేదు. రెండు టెంట్లు భూపాలపల్లి బొగ్గుగని కార్మికుల శిబిరానికి పోయాయి, ఒకటి చెల్పూర్‌లో కరెంటు ప్లాంటు గేటు ముందు ఉంది, ఒకటి ఇక్కడే కోర్టు ముందు వకీళ్ల కింద ఉంది. మిగిలింది జరీ పెళ్లి షామియానా ఒక్కటే. సఫర్ నెల తేరాతేజీ కదా, ఈ పదమూడు రోజులు మనవాళ్లలో ఎవరూ నిఖా పెట్టుకోరు, అందుకని అది మడత మీద ఉంది.

నీకు తెలియని గొప్ప ఒకటి చెప్పనా? ఇరవై రెండేళ్ల నుంచి సామాను ఇస్తున్నాను, ఎవరి లిస్టు చూసినా వాళ్లింట్లో ఏం జరుగుతోందో చెప్పేస్తాను. కుర్చీలు, పరదాలు, మైకు లేదు అంటే చావు. ఎర్ర సోఫా ఒకటి, కుర్చీలు ముప్పై అంటే పెళ్లిచూపులు. దీక్ష శిబిరం లిస్టయితే నిద్రలో కూడా చెప్తాను: ఒక టెంటు, నాలుగు పరుపులు, పెద్ద బాజాల మైకు, అంతే. మొన్న ఒకాయన మీటింగు అని చెప్పి సోఫా తీసుకుంటుంటే ముబారక్ అన్నాను. బిడ్డ సంబంధం సంగతి ఆయన ఇంకా భార్యకే చెప్పలేదట.

పుస్తకాలు ముట్టుకుంటున్నావా?

మామూ అబ్దుల్ బారీ.

జనగామ,
22 జనవరి 2010.

ప్రియమైన మామూకు,

ఇది షాపులో ఒక్కడివే ఉన్నప్పుడు చదువు. అమ్మీకి మాత్రం వద్దు. ఈసారి నిజంగా వద్దు.

నాకు నీ సామాను కావాలి. వచ్చే శుక్రవారం, ఇరవై తొమ్మిదో తారీఖు, మా కాలేజీ దగ్గర ఒక ప్రోగ్రాం పెట్టుకున్నాం. జనగామలో ఉన్న టెంట్లన్నీ రోడ్ల మీదే ఉన్నాయి. టీచర్లకొకటి, వకీళ్లకొకటి, ఆటోవాళ్లకొకటి. మాకు ఎవరూ ఇవ్వలేకపోయారు. మన టెంట్ హౌసు మనకే ఉండగా ఇంకొకరిని బతిమాలడం దేనికని నేనే మీటింగులో నీ పేరు చెప్పాను.

కావలసినవి రాస్తున్నాను. మంచి షామియానా ఒకటి, చిరుగులది వద్దు. పరుపులు ఇటు నాలుగు, అటు నాలుగు, వాటి మీదికి తెల్ల దుప్పట్లు. మధ్యలో ఈ కొస నుంచి ఆ కొస దాకా పరదా, ఇటు నుంచి అటు కనబడకూడదు. ఒక మైకు, చిన్న స్పీకర్ చాలు, బాజాలు వద్దు. షర్బత్ కలిపే డ్రమ్ము ఒకటి, గ్లాసులు యాభై. వంట గిన్నెలు ఏమీ వద్దు.

పొద్దున పదింటికల్లా అంతా సిద్ధంగా ఉండాలి. ఎందుకు, ఏమిటి అని అడగకు మామూ. వచ్చాక అంతా నీకే కనబడుతుంది. ఇది నాకు చాలా ముఖ్యం.

నీ మీదే భారం వేసిన
నజియా.

మానుకోట,
25 జనవరి 2010.

నజియా,

ఈసారి దువా ఉత్తరం చివర ఉంటుంది. అక్కడి దాకా వస్తే చూద్దాం.

నీ లిస్టు అందింది. అమ్మీకి వద్దన్నావు కాబట్టి చదవలేదు. మొదట ఇదేదో దీక్ష వ్యవహారం అనుకుని తిట్టడానికి కలం తీశాను. తర్వాత లిస్టు మళ్లీ చదివాను. దీక్షకు పరదా ఎవరు అడిగారు? చిన్న స్పీకర్ ఎవరు అడిగారు? పదిమందికీ వినబడాలని కూర్చునేవాళ్లు బాజాలు వద్దంటారా? ఇటు నాలుగు పరుపులు, అటు నాలుగు పరుపులు, తెల్ల దుప్పట్లు, మధ్యలో పరదా, షర్బత్. అదీ శుక్రవారం. ఇరవై రెండేళ్లలో ఇలాంటి లిస్టులు వెయ్యి కట్టి ఉంటాను బేటీ. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు, మధ్యలో ఖాజీ సాబ్. దాన్ని నిఖా అంటారు.

వంట గిన్నెలు వద్దన్నావు చూడు, అక్కడ నా గుండె ఆగింది. వలీమా విందు లేదు, బంధువులు లేరు, నలుగురికి అన్నం పెట్టేది లేదు, షర్బత్ తాగించి పంపేస్తారన్నమాట. పైగా తేరాతేజీ రోజుల్లో. ఈ రోజుల్లో ఇంట్లో చెప్పకుండా చేసుకునేవాళ్లు తప్ప ఇంకెవరూ చేసుకోరు.

ఎవరు ఆ అబ్బాయి? ఏం చదువుతున్నాడు? వాళ్లింట్లో తెలుసా? నాతో ఒక్క మాట చెప్తే నేను కాదనేవాణ్నా? కాదనేవాణ్నే, కానీ చెప్పి ఉండాల్సింది.

నీ పెళ్లి సామాను నువ్వే మామూ షాపుకు ఆర్డర్ రాశావు చూడు, దానికి కోపం రావాలో నవ్వు రావాలో తెలియడం లేదు. ఎంత కోపం వచ్చినా నా మేనకోడలి నిఖా మామూలు గుడ్డ కింద జరగనివ్వను. జరీ షామియానా తెస్తున్నాను. ఆపాకు గురువారం నేనే చెప్తాను, ఆమె లేకుండా నేను పరదా కట్టను. ఈ ఉత్తరం అందగానే ఎలాగైనా ఫోన్ చెయ్యి. చెయ్యకపోతే నేను అనుకున్నదే నిజమని అనుకుంటాను.

దువా.

మామూ.

జనగామ,
25 జనవరి 2010, సోమవారం.

మామూకు సలాం.

నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చినా ఆదివారం దాకా నా చేతికి రాదు. నువ్వు ఒప్పుకున్నావనే అనుకుని ఇంకో రెండు సంగతులు రాస్తున్నాను.

జనగామలో పూలు దొరకడం లేదు, ఉన్న దండలన్నీ శిబిరాలకే పోతున్నాయి. మానుకోట నుంచి మంచి బంతి దండలు తీసుకురా. స్టేషన్ రోడ్డు మూల మీద రాజేందర్ నీకోసం నిలబడి ఉంటాడు. ఎక్కడ ఏం కట్టాలో అతను చూపిస్తాడు. అతను నోరు విప్పితే ఆపడు, అయినా మనిషి మంచివాడు. నీకు నచ్చుతాడు.

అమ్మీకి ఎలా చెప్పాలన్నదే నాకు తోచడం లేదు. అయిపోయాక నేనే చెప్తాను.

నజియా.

జనగామ,
31 జనవరి 2010, ఆదివారం.

మామూకు,

నీ ఇరవై ఐదో తారీఖు ఉత్తరం ఇవాళ వార్డెన్ మేడం డ్రాయర్లోంచి బయటికి వచ్చింది. మొదటిసారి చదివి బిత్తరపోయాను. రెండోసారి ఉమకు చదివి వినిపించి ఇద్దరం మంచం మీద పడి నవ్వాం. మూడోసారి ఏడ్చాను. అంత కోపంలోనూ జరీ షామియానా తెస్తానన్నావు.

ఇప్పుడు విను. రాజేందర్ "సహకారం" అన్నరోజు నేను లేచి, మాకూ ఒకరోజు ఇవ్వండి, అమ్మాయిలమే కూర్చుంటాం అన్నాను. ఇళ్లల్లో ఒప్పుకోరు, ఎవరిది జిమ్మా అన్నారు. నాది అన్నాను. పదకొండు మంది పేర్లిచ్చారు. తర్వాత ఒక్కొక్కరికీ ఇంటి నుంచి కబురు వచ్చింది, రోడ్డు మీద అందరి కళ్ల ముందు కూర్చోవడం ఏంటని. నలుగురం మిగిలాం. అప్పుడు పరదా కడతామన్నాను, తొమ్మిది మందిమయ్యాం. అటువైపు పరుపులు మద్దతుగా వచ్చే అబ్బాయిలకు. కాలేజీ లోపల ప్రాక్టికల్స్ జరుగుతున్నాయి కాబట్టి బాజాలు వద్దన్నాను. నిమ్మరసానికి డ్రమ్ము. ఆకలితో కూర్చునేవాళ్లకు వంట గిన్నెలెందుకు మామూ?

ఆ రోజు నువ్వు పరదాకు అటు ఉన్నావు. ఇటు ఏం జరిగిందో నీకు తెలియదు. అమ్మీ లోపలికి వచ్చినప్పుడు చేతిలో ఎర్ర దుపట్టా, ఖర్జూరాల డబ్బా ఉన్నాయి. వరసగా తొమ్మిది మందిమి, తొమ్మిది మెడల్లో బంతి దండలు. అమ్మీ ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, ఇంతమందికి ఒక్కసారే చేస్తుండ్రా అని ఉమను అడిగింది. ఉమ నెమ్మదిగా సంగతి చెప్పింది. అమ్మీ దుపట్టాను మళ్లీ మడత పెట్టి చంకలో పెట్టుకుంది.

"లే. పెట్టె సర్దుకో" అంది.

"ఆరు దాకా లేవను అమ్మీ. పేరిచ్చిన. ఆరు కొట్టినంక నువ్వు ఎక్కడికి రమ్మంటే గక్కడికొస్త" అన్నాను.

నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. అమ్మీ నాకు వీపు తిప్పి మూలన కూర్చుంది. మధ్యాహ్నం గార్ల నుంచి రైల్లో ఉమ వాళ్లమ్మ గంగాబాయి వచ్చింది, దీక్ష అని తెలిసి కూడా రొట్టెల మూట తెచ్చింది. మేం తినం కదా, వాళ్లిద్దరే తిన్నారు. తినేటప్పుడు ఇద్దరూ మా మొహాలు చూడలేకపోయారు.

మూడింటికి అటువైపు నుంచి రాజేందర్ మైకు అందుకున్నాడు. మా చెల్లెళ్లు ఆకలితో అలమటిస్తున్నారని మొదలుపెట్టి అరగంట చెప్పాడు. మేమెవరం అలమటించడం లేదు, చీటీల ఆట ఆడుకుంటున్నాం. మూలన ఉన్న అమ్మీ ఒక్కసారి ఇటు తిరిగింది.

"ఆకలి మీది, మాట ఆయనదా?"

లేచి వెళ్లి, పరదా కింద చెయ్యి పెట్టి, వైరు పట్టుకుని లాగింది. మైకు ఇటు వచ్చింది. దాన్ని నా చేతిలో పెట్టి, మళ్లీ అటు తిరిగి కూర్చుంది. నేనేం మాట్లాడానో నువ్వు విన్నావు.

ఆరింటికి నేను నిమ్మరసం తాగి వచ్చేసరికి అమ్మీ నీ సామాను డీసీఎం వ్యానులో ఎక్కి కూర్చుంది. రా అనలేదు, ఉండు అనలేదు. మామూ, అమ్మీ ఏం అనుకుంటోందో రాయి. మంచిదైనా చెడ్డదైనా దాచకు.

నజియా.

మానుకోట,
4 ఫిబ్రవరి 2010.

బేటీకి దువా. ఈసారి ముందే, పైగా రెండింతలు.

ఇరవై రెండేళ్ల పేరు ఒక్క పూటలో పోయింది. నేను ఏ లిస్టు చూసి ఏం చెప్పినా మీ ముమానీ ఇప్పుడు "నిఖానా?" అని అడుగుతోంది.

గురువారం సాయంత్రం ఆపాకు చెప్పాను. నేను ఇద్దరం పోయి ఆపుదామన్నాను. ఆపా లేచి పెట్టెలోంచి తన నిఖా దుపట్టా తీసి దులిపింది. "చేసుకునేది ఎట్లన్న చేసుకుంటది. ఉత్త చేతులతోని పోవద్దు" అంది. అందుకే ఆమె మీద నీకు కోపం వస్తే ఈ మాట గుర్తు తెచ్చుకో.

ఇంక మీ రాజేందర్. "నీకు నచ్చుతాడు" అని రాశావు. ఆ పేరు చదివి రెండు చెంబుల నీళ్లు తాగాను. అతను చూపించిన చోట టెంటు, పరదా కట్టించి, దండలు లోపలికి పంపగానే పక్కకు తీసుకుపోయి పది ప్రశ్నలు వేశాను. తండ్రి పేరు, ఊరు, పొలం ఎంత, డిగ్రీ అయ్యాక ఏం చేస్తావు, తాగుతావా. టెంట్ హౌసువాళ్లం ఇవన్నీ అడుగుతామనుకున్నాడట. చేతులు కట్టుకుని అన్నిటికీ జవాబు చెప్పి, కాలేజీ గుర్తింపు కార్డు కూడా చూపించాడు. మీ ఇంట్లో తెలుసా అంటే, "తెల్వది సార్, తెలిస్తే మా నాయిన కాళ్లిరగ్గొడ్తడు" అన్నాడు. నేను కాలర్ మీద చెయ్యి వేయబోతుండగా మన డ్రైవర్ హీరాలాల్, కట్టమని అబ్బాయిలిచ్చిన బ్యానర్ విప్పాడు. విద్యార్థినుల రిలే దీక్ష అని ఇంత పెద్ద అక్షరాలు. నేను మడత పెట్టిన పరుపుల మీద కూలబడ్డాను. ఆ అబ్బాయి పాపం మంచినీళ్లు తెచ్చిచ్చాడు. కానీ ఆపా అప్పటికే లోపలికి పోయింది, చెప్పే వీలు చిక్కలేదు.

వైరు లాగినప్పుడు నేను ఆంప్లిఫయర్ పక్కనే ఉన్నాను. నువ్వే లాగావనుకుని వదులు ఇచ్చాను. నీ గొంతు విన్నాను. అది నా మేనకోడలు అని పక్కన ఉన్న ముగ్గురికి చెప్పాను, అడక్కపోయినా.

ఇప్పుడు అసలు సంగతి. ఆపా వచ్చిన దగ్గర్నుంచీ నీ మాట ఎత్తడం లేదు. నేను ఎత్తితే లేచి వంటింట్లోకి పోతోంది. షరతు తప్పింది, నా జిమ్మా కూడా తప్పింది. ఏ మొహంతో గట్టిగా అడగను? నాలుగు రోజులు ఆగుదాం.

మామూ.

జనగామ,
10 ఫిబ్రవరి 2010.

మామూకు,

నాలుగు రోజులు ఆరు రోజులయ్యాయి. నిన్ను తొందరపెట్టడానికి కాదు, ఇక్కడి సంగతి చెప్పడానికి రాస్తున్నాను.

నీ షామియానా ఇంకా గేటు ముందే ఉంది. జరీ చూసి బస్సుల్లో పోయేవాళ్లు ఇక్కడ పెళ్లి ఎవరిదని అడుగుతున్నారు. ఆ శుక్రవారం తర్వాత ప్రతి శుక్రవారం అమ్మాయిలదే అని తీర్మానం చేశారు. మొన్న పద్నాలుగు మంది కూర్చున్నారు. పరదా సగం దాకే కట్టమన్నారు. ఢిల్లీలో కమిటీ వేశారు కదా, ఇంకెన్ని నెలలు కూర్చోవాలో ఎవరికీ తెలియదు, అయినా పేర్లు వస్తూనే ఉన్నాయి. అమ్మాయిల తరఫున కన్వీనర్‌గా ఉండమని నన్ను అడిగారు. ఇంటి నుంచి కబురు వచ్చేదాకా ఆగమన్నాను. నా పెట్టె సర్దే ఉంది. ఉమ రోజూ ఒక వస్తువు బయటికి తీస్తుంది, నేను లోపల పెడతాను.

వచ్చే ఏటికి హాస్టల్ ఫారం దీంతో పంపుతున్నాను. సంరక్షకుల సంతకం ఈ నెలాఖరులోపు కావాలట. అమ్మీకి తెలియకుండా సంతకం పెట్టకు. దాచి చేసింది ఒకసారి చాలు, అది తప్పే. కూర్చోవడం మాత్రం తప్పు కాదు. అమ్మీ రమ్మంటే వస్తాను, ఆ మాట ఇచ్చాను. కానీ వచ్చి కూడా అది తప్పని ఒప్పుకోను. ఈ ఉత్తరం అమ్మీకి మొత్తం చదువు. ఎక్కడా ఆపొద్దు.

నజియా.

మానుకోట,
17 ఫిబ్రవరి 2010.

బేటీ నజియాకు,

నీ ఉత్తరం ఎక్కడా ఆపకుండా చదివాను. ఆపా బియ్యం ఏరుతూ విన్నది. చదవడం అయిపోయాక ఇంకోసారి చదవమన్నది.

తేరాతేజీ పోయి నిఖాలు మొదలయ్యాయి. నిన్న ఒక పెద్ద పెళ్లివాళ్లు జరీ షామియానా కోసం వచ్చారు. రేపు పొద్దున హీరాలాల్‌ను జనగామ పంపి విప్పించుకొస్తానని వాళ్లకు చెప్తున్నాను. వాకిట్లోంచి ఆపా అంతా విని, "గా దీక్ష ఇప్పట్ల తెమలదు, ఇంకో షాపు చూసుకోండ్రి" అని వాళ్లతో చెప్పేసింది. నా గిరాకీని నా ముందే పంపించేసింది. నేను నోరు తెరిచే లోపల, ఫారం తెచ్చి ఎక్కడ సంతకం చెయ్యాలో చూపించమంది. చూపించాను. చెయ్యి అంది. చేశాను. ఇందులోనే పెట్టాను చూసుకో.

తర్వాత, నా జిమ్మా అయిపోయిందని, నీతో ఏదన్నా ఉంటే ఇకనుంచి తానే మాట్లాడుకుంటానని చెప్పి, తన మాటగా ఒక ఉత్తరం రాయమంది. మన ఇంటి భాషలో చెప్పింది, నేను తెలుగులో పెట్టాను. నువ్వేం మాట్లాడావో నేను విన్నానని రాశావు కదా, ఎలా మాట్లాడావో మాత్రం చూడలేదు. పరదాకు ఇటువైపు నీ గొంతే వినబడింది. ఆపాకు కనబడింది. ఆమె చెప్పింది ఇది:

"నజియా, నేను అటు దిక్కు తిరిగి కూసున్ననని అనుకున్నవ్. అంత చూసిన. కాగితం చూసుకుంట చదివినవ్. గా రాజేందర్ పిలగానికి చెప్పేటందుకు ఏం లేకున్న కాగితం లేకుండ అర్ధగంట మాట్లాడిండు. నీకు చెప్పేటందుకు ఉండె, కాగితం దిక్కు చూసేవరకే అయిపాయె. గంత దూరం నిన్ను పంపింది కాగితం చదివేటందుకా? పెట్టెల నుంచి బట్టలు తియ్యి. కాగితం లేకుండ మాట్లాడుడు వచ్చినంక ఇంటికి రా. అప్పటిదాక గక్కడనే ఉండు."

రాసింది మళ్లీ చదివించుకుని, ఒక్క మాట కూడా మార్చొద్దని చెప్పి పోయింది. నేను మార్చలేదు.

మామూ.